సూచక క్రియలు ఎవరిని చూపుచున్నవి?

(యోహాను సువార్తనుండి ఈ నెల వాక్యపాఠము)

చదువవలసిన భాగములు: యోహాను 2:1–11, 4:46–54, 5:1–15, 6:1–35, 9:1–7, 11:1–44, 20:24–31.



ఈ నెల పాఠమును ఒక తల్లి మాటతో ఆరంభింపవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట, పగిడ్యాలకు రాకమునుపు, మేము వేరొక గ్రామములో పరిచర్య చేయుచుండగా ఆ సంఘములోని ఒక కుటుంబమున పదకొండేండ్ల పిల్లవానికి జబ్బుచేసెను. తలిదండ్రులు వానిని ఆసుపత్రిలో చూపించిరి, మందులు తెచ్చిరి. మేమును సంఘపెద్దలును ప్రతి సాయంత్రము వారి యింటికి పోయి ప్రార్థించితిమి. అంతవరకు మేము చేసినది సరియే. అయితే ఒక ఆదివారమున, ఆరాధన మధ్యలో, ఆవేశమునకు లోబడి, ఆ పిల్లవాడు తప్పక లేచుననియు, ఆవగింజంత విశ్వాసముంటే చాలుననియు, తలిదండ్రులు సందేహింపకున్నయెడల పై ఆదివారము వాడే వచ్చి గుడిగంట కొట్టుననియు సంఘమంతటి యెదుట పలికితిమి. దేవుడు మాకట్టి మాట ఇచ్చియుండలేదు. గురువారము రాత్రి పిల్లవాడు ప్రభువునందు నిద్రించెను.

పదునైదు దినములైన తరువాత ఆ తల్లి మా యింటికి వచ్చి గడపయొద్ద నిలువబడెను. లోపలికి రమ్మంటిమి గాని రాలేదు. "ఆవగింజంత సాలంటిరి గదా అయ్యగారూ. నా కాడ ఆ ఆవగింజంత గూడా లేకపాయనా?" అని అడిగెను. మాకు నోట మాట రాలేదు. సెమినరీలో నేర్చిన పాఠములలో ఒక్కటియు ఆ గడపయొద్ద మాకు జ్ఞాపకము రాలేదు. ఆమె కొంతసేపు నిలువబడి వెళ్లిపోయెను. అటుతరువాత గుడికి వచ్చుట మానెను.

ఆ దినము మొదలుకొని మేము యోహాను సువార్తను మరల మరల చదువుచు వచ్చితిమి. ఈ పాఠము ఆమెకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు. మన సంఘములలో అదే ప్రశ్నను మనస్సులో దాచుకొని కూర్చున్నవారు ఇంకను అనేకులున్నారు గనుక దీనిని అందరి యెదుట ఉంచుచున్నాము.

1. యోహాను ఏర్పరచుకొన్న మాట

ప్రభువు చేసిన అద్భుతములను మొదటి మూడు సువార్తలవారు తరచుగా శక్తికార్యములని పిలిచిరి. గ్రీకు భాషలో దానికి దునమిస్ అని పేరు. యోహాను ఆ మాటను వాడడు. అతడు ఏర్పరచుకొన్నది సేమెయోన్ అను మాట. దాని అర్థము గురుతు. మన తెలుగు బైబిలులో దానినే సూచక క్రియ అనిరి.

దండోరా వేసిన దినములు మన పెద్దలకు జ్ఞాపకమున్నవి. తప్పెట మ్రోగగానే పిల్లలందరు దాని వెంట పరుగెత్తుదురు. పెద్దలైతే పని ఆపి, చెవియొగ్గి, వచ్చిన కబురేమని విందురు. కాలువకు నీళ్లు వదలుట ఎప్పుడు? శిస్తు కట్టుటకు గడువెప్పుడు? తప్పెట మ్రోత కబురు వినిపించుటకే. మ్రోత విని కబురు విననివాడు ఆ రాత్రి నీళ్లు వచ్చి పోయిన సంగతి తెల్లవారినగాని ఎరుగడు. ప్రభువు సూచక క్రియల వెంట అట్లు పరుగెత్తిన జనము ఈ సువార్తయందంతటను కనబడుచున్నారు. కబురు విన్నవారు కొద్దిమందియే.

యేసు చేసిన సూచక క్రియలు మరి అనేకములున్నను, వానిలో కొన్నిటినే తాను వ్రాసితినని యోహాను ఇరువదియవ అధ్యాయపు చివర చెప్పుచున్నాడు. వానిని చదివినవారు యేసే దేవుని కుమారుడైన క్రీస్తని నమ్మి, ఆయన నామమందు జీవము పొందవలెనన్నదే అతని ఉద్దేశము. పునరుత్థానమునకు ముందున్న వానిని ఏడుగా లెక్కించుట వాడుక: కానాలో నీళ్లు ద్రాక్షారసమగుట, ప్రధాని కుమారుని స్వస్థత, బేతెస్ద కోనేటి రోగి, అయిదువేలమందికి ఆహారము, సముద్రముపై నడచుట, పుట్టుగుడ్డికి చూపు, లాజరు లేచుట.

వీనిలో దేనిని చదివినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అక్కర యెవరిది? జరిగిన కార్యమేమి? అది యేసునుగూర్చి ఏమి చెప్పుచున్నది? మనము మొదటి రెండును అడిగి మూడవది విడిచిపెట్టుదుము. యోహాను వ్రాసినది మూడవదాని కొరకే.

2. కానా: నీళ్లు మోసినవారికి తెలిసినది

పెండ్లియింట ద్రాక్షారసము చాలకపోయెను. ఆరు రాతిబానలుండెను. ఒక్కొక్కటి రెండు మూడు తూములు పట్టును. నేటి లెక్కలో ఆరును కలిసి ఇంచుమించు 500 నుండి 700 లీటర్లు, అనగా మన యిండ్లలోని బిందెలతో దాదాపు నలుబది బిందెలు. కృష్ణ నీళ్లు ముచ్చుమర్రి దాక వచ్చి నిలిచియున్నను, ఎండకాలమున బిందె నీళ్ల కొరకు నడచిన స్త్రీలు మన సంఘములలో నున్నారు. నలుబది బిందెలు మోయుట ఎంత పనియో వారికి చెప్పనక్కరలేదు. పరిచారకులు అంచుల మట్టుకు నింపిరి.

విందు పెద్ద రుచి చూచెను, మెచ్చుకొనెను. అది ఎక్కడనుండి వచ్చినదో ఎరుగడు. నీళ్లు మోసినవారు ఎరుగుదురు. శిష్యులు చూచి విశ్వాసముంచిరి. ఒకే యింట ఒకే దినమున ఒకడు రుచి మాత్రమే పొందెను, వేరొకరు దాతను కనుగొనిరి.

ఈ భాగమును చూపి సారాయికి సెలవు అడుగువారు కొందరున్నారు. వారును విందు పెద్దవలె రుచియొద్దనే ఆగిపోయినవారు. ఆ బానలు యూదుల శుద్ధీకరణాచారము కొరకు ఉంచబడినవని యోహాను ఊరకయే వ్రాయలేదు. చేతులు కడుగు నీళ్లున్న చోట ప్రభువు పెండ్లి సంతోషమును నింపెను. పెండ్లివారికి ద్రాక్షారసము సమకూర్చుట పెండ్లికుమారుని పని. మరుసటి అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను తాను పెండ్లికుమారుని స్నేహితుడను మాత్రమేయని చెప్పుచు యేసును చూపించుచున్నాడు. కాబట్టి కానా సూచన చెప్పు కబురు ఇది: తన ప్రజలకొరకు ప్రవక్తలు చెప్పిన పెండ్లికుమారుడు వచ్చియున్నాడు.

3. ప్రధాని కుమారుడు: ఎవరి మాటను నమ్మవలెను?

కపెర్నహూములో ఒక రాజోద్యోగి కుమారుడు చావునకు సిద్ధముగా నుండెను. తండ్రి కొండ ప్రాంతమున నున్న కానాకు ఎక్కి వచ్చి, దిగి రమ్మని ప్రభువును బతిమాలెను. ఆ దూరము ఇంచుమించు ఇరువదియైదు కిలోమీటర్లుండును. నందికొట్కూరునుండి కర్నూలుకు పోవునంత దూరమునకు కొంచెము తక్కువ. ప్రభువు వెంట వెళ్లలేదు. చేయి వేయలేదు. నూనె ఇయ్యలేదు, గుడ్డ ఇయ్యలేదు. నీ కుమారుడు బ్రదికియున్నాడని మాత్రము చెప్పి పంపెను. ఆ తండ్రి చేతిలో మాట తప్ప మరేమియు లేకుండ తిరుగుదారి పట్టెను. దారిలో దాసులు ఎదురై, ఏడవ గంటకు, అనగా మధ్యాహ్నము ఒంటిగంటకు జ్వరము విడిచెనని చెప్పిరి. ప్రభువు పలికిన గడియ అదియే.

ఇక్కడనే మేము మా తప్పిదమును కనుగొంటిమి. ఆ తండ్రి నమ్మినది యేసు పలికిన మాటను. ఆ తల్లిని మేము నమ్మమన్నది మా మాటను. దేవుడు పలుకని దానిని దేవుని పేరట పలికి, అది నెరవేరనప్పుడు ఆ భారమును ఆమె నెత్తిన పెట్టితిమి. విశ్వాసము అనగా గట్టిగా అనుకొనుట కాదు. దేవుడు చెప్పినదానిని పట్టుకొని నడచుట. ఆయన చెప్పనిది ఎంత గట్టిగా అనుకొన్నను అది మన కోరికయే. కోరికను దేవుని యెదుట ప్రార్థనగా ఉంచవచ్చును, కన్నీళ్లతో బతిమాలవచ్చును. దానిని వాగ్దానమని ఇతరులకు పంచిపెట్టుటకు కాపరికి అధికారము లేదు.

4. బేతెస్ద: అనేకులలో ఒకడు

యెరూషలేములో గొఱ్ఱెల ద్వారమునొద్ద అయిదు మంటపములున్న కోనేరు ఉండెను. ఆ అయిదు మంటపములు ఎట్లుండెనని చాలకాలము పండితులు తర్కించిరి. దేవాలయ స్థలమునకు ఉత్తరమున త్రవ్వకములు జరుపగా ప్రక్కప్రక్కన రెండు గుంటలు గల పెద్ద కోనేరు బయటపడెను. నాలుగు వైపుల నాలుగును, రెండు గుంటల నడుమనున్న గోడపై ఒకటియు కలిసి అయిదగును. యోహాను ఆ స్థలమును ఎరిగి వ్రాసినవాడు.

అక్కడ గ్రుడ్డివారు, కుంటివారు, ఊచకాలుచేతులు గలవారు గుంపులుగా పడియుండిరి. ప్రభువు వారిలో ఒక్కని యొద్దకు పోయెను. అతడు ముప్పదియెనిమిది ఏండ్లనుండి రోగి. స్వస్థపడ గోరుచున్నావా అని అడిగినప్పుడు అతడు విశ్వాసమును ఒప్పుకొనలేదు. తనను కోనేటిలో దించువాడు లేడని మొరపెట్టుకొనెను. స్వస్థపడి పరుపెత్తుకొని పోవుచున్నప్పుడును తన్ను బాగుచేసినవాడు ఎవరో అతనికి తెలియదని పదుమూడవ వచనము చెప్పుచున్నది.

ప్రియులారా, ఈ వచనమును నెమ్మదిగా చదువుడి. పేరైనను ఎరుగనివాడు బాగుపడెను. ఆ మంటపములలో తక్కినవారు ఉన్నచోటనే ఉండిరి. వారి విశ్వాసము తక్కువయని ప్రభువు అనలేదు, యోహాను వ్రాయలేదు. బాగుపడినవాని విశ్వాసము ఎక్కువయనియు వ్రాయలేదు. కొన్ని చోట్ల ప్రభువు రోగి విశ్వాసమును మెచ్చుకొనిన మాట నిజమే; మిగిలిన సువార్తలలో వానిని చదువుచున్నాము. గాని బాగుపడుటయు పడకపోవుటయు మన విశ్వాసమును తూచు త్రాసు కాదు. బేతెస్ద ఆ త్రాసును విరుగగొట్టుచున్నది.

మరి కబురేమి? అది విశ్రాంతిదినము. తండ్రి నేటివరకు పని చేయుచున్నాడు గనుక తానును చేయుచున్నానని ప్రభువు యూదులకు జవాబిచ్చెను. తండ్రి పనిని చేయు కుమారుడు భూమిమీద నిలిచియున్నాడని ఆ పరుపు మోసిన మనుష్యుడు ఊరంతటికి గురుతాయెను.

తొమ్మిదవ అధ్యాయములోని పుట్టుగుడ్డి సంగతియు దీనితో చేరినదే. ఎవరి పాపమువలన వీడు గ్రుడ్డివాడై పుట్టెనని శిష్యులు అడిగిరి. మన రచ్చబండలయొద్ద నేటికిని ఇదే ప్రశ్న. వాడును పాపము చేయలేదు, కన్నవారును చేయలేదని చెప్పి ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసి, ఉమ్మితో బురద చేసి కన్నులకు పూసి సిలోయము కోనేటికి పంపెను. చూపు పొందినవాడు యేసును మొదట ఒక మనుష్యుడనెను, పిమ్మట ప్రవక్త యనెను, కడకు ప్రభువాయని మ్రొక్కెను. కన్నులు ఒక దినమున తెరువబడెను. కబురు మెల్లమెల్లగా తెరువబడెను.

5. రొట్టెలు: కడుపు నిండినవారు వెళ్లిపోయిన సంగతి

అంద్రెయ తీసికొని వచ్చిన పిల్లవానియొద్ద నున్నవి యవల రొట్టెలు. గోధుమలు కలిగినవారి ఆహారము, యవలు బీదల ఆహారము; మన నల్లరేగడి నేలలలో వరి అన్నము పండుగకును జొన్నరొట్టె దినదినమునకును ఉండిన కాలమువలెనే. ఆ అయిదు రొట్టెలు రెండు చేపలతో అయిదువేలమంది పురుషులు తృప్తిపొంది, పండ్రెండు గంపలు మిగిలెను. వెంటనే జనులు ఆయనను బలవంతముగా రాజును చేయజూచిరి. ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను.

ఆ రాత్రి శిష్యులు దోనెలో అయిదారు కిలోమీటర్లు తండ్లు వేసిరి. గాలి ఎదురుగా నుండెను. ప్రభువు నీళ్లమీద నడచి వారియొద్దకు వచ్చెను. రాజును చేయగోరిన గుంపునకు దూరమైనవాడు, చీకటిలో భయపడిన కొద్దిమందికి దగ్గరయ్యెను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచినప్పుడు ప్రార్థించువారి యిండ్లును ప్రార్థింపనివారి యిండ్లును మునిగెను. గాలియే లేదని ఈ సూచన చెప్పదు; గాలిలో ఆయన వచ్చునని చెప్పుచున్నది.

మరునాడు జనులు దోనెలెక్కి కపెర్నహూముకు వెదకుచు వచ్చిరి. ప్రభువు వారి రాకను చూచి సంతోషింపలేదు. వారు సూచనను చూచి కాక, రొట్టెలు తిని తృప్తిపొందినందుననే వెదకుచున్నారని ముఖముమీద చెప్పెను. తానే పరలోకమునుండి దిగివచ్చిన జీవాహారమని బోధించెను. అధ్యాయము ముగియునప్పటికి అనేకులు వెనుకకు తీసి ఆయనతో నడచుట మానిరి. అయిదువేలమందితో ఆరంభమైన అధ్యాయము పండ్రెండుగురితో ముగిసెను, అందులోను ఒకడు ద్రోహి.

ఈ భాగమును మన తెలుగుదేశపు సంఘము ఒకప్పుడు తన శరీరముతోనే చదివెను. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరమైన కరవులో మన కర్నూలు సీమ మిక్కిలి నష్టపడినవానిలో ఒకటి. ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు అప్పుడు త్రవ్వుచుండిన బకింగ్‌హాం కాలువలో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపి కూలి ఇచ్చిరి. పని యొద్ద సువార్త విని వేలమంది బాప్తిస్మము అడిగిరి. ఆయన కరవు తీరువరకు బాప్తిస్మమియ్యక నిలిపిరి. రొట్టెకొరకు వచ్చినవారెవరో ప్రభువు కొరకు వచ్చినవారెవరో తెలియవలెనని ఆయన తలంపు. సహాయము చేయు కాలము ముగిసిన తరువాతను వారు అడుగుట మానలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. దానికి ముందున్న నిరీక్షణను చెప్పుకొనము. ఆకలిగొన్నవారికి రొట్టె పెట్టవలెనా అని ఆ దొరగారు సందేహింపలేదు, పెట్టిరి. ప్రభువును ప్రసంగమునకు ముందే భోజనము పెట్టెను. రొట్టె పెట్టుట ప్రేమ. రొట్టెను ఎరగా వేయుట వేరు. నేడు మన యూళ్లలో గోడలమీద అంటించు సభల కాగితములలో స్వస్థతలను, ఉద్యోగములను, సంతానమును ముందుగా వ్రాసి, ప్రభువు పేరును క్రింద చిన్న అక్షరములతో వ్రాయుచున్నాము. అట్లు పిలువబడినవారు కోరినది దొరికినను దొరకకున్నను వెళ్లిపోవుదురు. తప్పు వారిది మాత్రమే కాదు.

6. లాజరు: మరల చనిపోయినవాడు

తమ్ముడు రోగియైయున్నాడని అక్కలు వర్తమానము పంపిరి. ప్రభువు వారిని ప్రేమించెనని చెప్పి, ఆ మరు వాక్యములోనే ఆయన ఉన్నచోటనే రెండు దినములు నిలిచెనని యోహాను వ్రాసెను. ఈ రెండును ప్రక్కప్రక్కన ఉంచుటకు అతడు భయపడలేదు. ప్రేమ గలవాడైతే వెంటనే వచ్చునని మనమందుము. ఆయన ఆలస్యము ప్రేమలేమి కాదని ఈ వచనము చెప్పుచున్నది. ఎందుకో మాత్రము అప్పుడు మార్తకు తెలియదు.

ఆయన వచ్చునప్పటికి సమాధిలో నాలుగు దినములాయెను. మార్త ఊరి వెలుపలనే ఎదుర్కొని, తాను ఇక్కడ ఉండినయెడల తమ్ముడు చావకుండునని ఆయనతో అనెను. మరియయు అదే మాట అని పాదములపై పడెను. ఆ మాటలో విశ్వాసమున్నది, నింద కూడ ఉన్నది. ప్రభువు వారిని గద్దింపలేదు. నమ్మిక చాలలేదనలేదు. మార్తతో తానే పునరుత్థానమును జీవమునని చెప్పెను. మరియ ఏడ్చుచుండగా తానును కన్నీళ్లు విడిచెను.

ఇక్కడ మేము చాలసేపు ఆగితిమి. బిడ్డను మట్టికి అప్పగించిన తల్లి మా గడపయొద్దకు వచ్చి అడిగినది మార్త అడిగినదే. ప్రభువునందు ఏమియు మిగలనిది అయ్యగారి గడప తొక్కదు, ఆవగింజ మాట ఎత్తదు. ఆమె ప్రశ్నయే ఆ ఆవగింజ. మేము దానిని గుర్తింపలేకపోతిమి.

లాజరు బయటికి వచ్చెను. కాళ్లుచేతులు ప్రేతవస్త్రములతో కట్టబడియుండెను, ఇతరులు విప్పవలసివచ్చెను. అతడు కొన్ని యేండ్లు బ్రదికి మరల చనిపోయెను. ప్రధాని కుమారుడును చనిపోయెను. బేతెస్దలో లేచినవాడును, చూపు పొందినవాడును చనిపోయిరి. రొట్టెలు తిన్నవారికి మరునాడు ఆకలివేసెను. సూచక క్రియలన్నియు కొంతకాలపువే. ఒక్కటి మాత్రము నిలుచునది: సమాధిలో నారబట్టలను విడిచి, ఎవరును విప్పకయే లేచి, ఇక చావనివాడై యున్న ప్రభువు. ఏడు సూచనలును చేతులు చాచి చూపుచున్నది ఆయననే.

లాజరును లేపిన దినమునుండియే అధికారులు యేసును చంప నాలోచించిరని అదే అధ్యాయము చివర చదువుచున్నాము. స్నేహితునికి ప్రాణము ఇచ్చినందుకు ఆయన తన ప్రాణమును వెలగా పెట్టెను. ఆ పిల్లవాడు లేవని రాత్రి ప్రభువు ఎక్కడనుండెనని అడుగువారికి మాయొద్ద మరియొక జవాబు లేదు: మార్త మరియల గ్రామములో ఏడ్చినచోటనే ఉండెను, ఆ తరువాత సిలువమీద నుండెను, మూడవ దినమున సమాధి వెలుపల నుండెను. ఆ పిల్లవానిని పిలుచు గడియ ఆయన చేతిలో నున్నది.

7. మన సంఘములు చేయవలసినవి

మొదటిది, రోగుల కొరకు ప్రార్థించుట మానకూడదు. దేవుడు నేటికిని బాగుచేయుచున్నాడు; మన సంఘములలో దానికి సాక్షులున్నారు. ప్రార్థనలో అడుగుడి, ధైర్యముతో అడుగుడి. ఫలితమును మాత్రము ఆయనకు విడువుడి.

రెండవది, ప్రార్థన పేరట మందు మానిపింపకూడదు. క్షయకు ఆరు నెలల మాత్రలు మధ్యలో ఆపినయెడల రోగము మందులకు లొంగనిదగును. మూర్ఛకును, చక్కెర వ్యాధికిని, రక్తపుపోటుకును మాత్రలు నిలుపుట ప్రాణమునకే అపాయము. మన పితరులకు సువార్త తెచ్చినవారు ప్రార్థనతోపాటు వైద్యమును తెచ్చిరి. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని, మదనపల్లెయొద్ద 1915లో తెరువబడిన ఆరోగ్యవరము క్షయరోగుల ఆసుపత్రిని కట్టినవారు దేవుని శక్తిని నమ్మనివారా? పుట్టుగుడ్డికి బురద పూసి, పోయి కడుగుకొమ్మన్న ప్రభువు సాధనములను తృణీకరింపలేదు.

మూడవది, దుఃఖించుచున్న యింటికి పోయినప్పుడు నీ నమ్మిక చాలలేదని గాని, ఏదో పాపముండునని గాని ఎవరును పలుకకూడదు. చెప్పుటకేమియు లేనియెడల ప్రక్కన కూర్చుండుడి. ప్రభువు ఏడ్చెను.

నాలుగవది, సాక్ష్యము చెప్పువారు జరిగినదానిని జరిగినట్లే చెప్పవలెను. డాక్టరు చేసినది డాక్టరు చేసెనని చెప్పినందున దేవుని మహిమ తగ్గదు. చివరి మాట ప్రభువునుగూర్చినదై యుండవలెను.

ముగింపు

దాదాపు రెండేండ్ల తరువాత మేము ఆ గ్రామమునకు పోయి, ఆ తల్లి యింటి గడపయొద్ద ఈసారి మేము నిలువబడితిమి. మేమాడిన మాట దేవుని మాట కాదనియు, ఆమె నమ్మికలో కొరత లేదనియు, క్షమింపవలెననియు చెప్పితిమి. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చెను. ఆ యేటి కోత పండుగనాడు ఆమె చేటలో జొన్నలు తెచ్చి బల్లయొద్ద ఉంచి, వెనుక వరుసలో కూర్చుండెనని అక్కడి పెద్దలు మాకు తెలిపిరి. ప్రభువునకును ఆమెకును నడుమ ఏమి జరిగెనో మేము అడుగలేదు, అడుగము.

చూచి నమ్మిన తోమాకు ప్రభువు తన గాయములు చూపెను. చూడకయే నమ్మువారు ధన్యులని చెప్పెను. ఆ ధన్యులలో, లేవని బిడ్డల తల్లులకు ముందు వరుస ఉన్నదని మేము నమ్ముచున్నాము.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. కానాలో విందు పెద్దకు తెలియనిది పరిచారకులకు ఎట్లు తెలిసెను? మన గృహములలో దేవుని మేలులను రుచి చూచి దాతను మరచిన సందర్భములేవి?

2. బేతెస్దలో స్వస్థత పొందినవాని విశ్వాసమునుగూర్చి యోహాను ఏమి చెప్పుచున్నాడు, ఏమి చెప్పుట లేదు?

3. దేవుని వాగ్దానమునకును మన కోరికకును గల భేదమును ఎట్లు గుర్తింతుము?

4. మన గ్రామములో గుడికి వచ్చుట మానినవారు ఎవరు? మనము పలికిన మాట ఏదైనను అందుకు కారణమా? ఈ నెలలో ఎవరు పోయి వారిని పలుకరింతురు?

ప్రార్థన

ప్రభువా, మేము నీ చేతి కార్యములను వెదకి నీ ముఖమును మరచితిమి. నీవు పలుకనిదానిని నీ పేరట పలికితిమి. మమ్మును క్షమింపుము. మా రోగులను జ్ఞాపకము చేసికొనుము; వైద్యుల చేతులను దీవింపుము. మట్టికి అప్పగించిన బిడ్డలను నీ స్వరము వినునంతవరకు కాపాడుము. వెనుక వరుసలో కూర్చున్నవారి యొద్దకు నీవే పోయి కూర్చుండుము. ఆమేన్.